డ్యాంప్, మాయిస్ట్: తేడా మంచి చెడులదేనా?

అక్షర: ఇంగ్లీషు నేర్పేటప్పుడు చాలామంది ఓ సూత్రం చెబుతారు. తడి మనకు నచ్చితే మాయిస్ట్, నచ్చకపోతే డ్యాంప్. కేకు మాయిస్ట్, గోడ డ్యాంప్. ఈ సూత్రం నిలబడుతుందా?

రాతగాడు: నిలబడుతుంది. డ్యాంప్‌కి అర్థం ఇస్తూ నిఘంటువులే 'తరచూ ఇబ్బంది పెట్టే తడి' అంటాయి.

నీలవేణి: నిలబడదండీ. అద్దం తుడవడానికి వాడమనేది 'డ్యాంప్ క్లాత్'నే. గుడ్డని నీళ్లలో ముంచి గట్టిగా పిండితే చేతికి చల్లగా తగులుతుంది, చుక్క మాత్రం రాలదు. ఆ తడి మనకు కావలసిందే, అయినా డ్యాంపే. అటు భయంతో చెమర్చిన అరచేతుల్ని మాయిస్ట్ అంటారు, అందులో నచ్చడానికేముంది?

నేనైతే ఇలా చూస్తాను. పొడిగా ఉండాల్సిన దానికి బయటి తడి పడితే డ్యాంప్: చొక్కా, తువ్వాలు, గోడ. తడి తనలోనే ఉండేదైతే మాయిస్ట్: కన్ను, పెదవి, కేకు. గాయాల సంగతి చూడండి. గాయం ఎండి పక్కు కట్టకుండా పైన పొర కప్పి ఉంచితే కొత్త చర్మం త్వరగా పరుచుకుంటుందని 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చేసిన ప్రయోగంలో చూపించాడు. ఆ పద్ధతికి వైద్యులు వాడే మాట మాయిస్టే. ఆ తడి గాయంలోంచి ఊరేదే కదా!

రాతగాడు: మరి మట్టి? దాన్ని రెండు విధాలా అంటారే.

నీలవేణి: అంటారు. విత్తనం నాటేవాళ్లకి అది మాయిస్ట్, దాని మీద కూర్చోబోయేవాళ్లకి డ్యాంప్. మట్టి ఒకటే, చూసేవాళ్లు వేరు.

గనిదీపం: నీలవేణి గారి వైపు నుంచి ఇంకొక మాట. డ్యాంప్‌కి పాత అర్థం తడి కాదు, ఆవిరి. జర్మన్‌లో డాంప్ఫ్ అంటే నేటికీ ఆవిరే. బొగ్గు గనుల్లో పేలే మీథేన్‌ని ఫైర్‌డ్యాంప్ అనేవాళ్లు. 1815లో హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నటి లోహపు జాలీ పెట్టి దీపం తయారుచేసింది ఆ వాయువు అంటుకోకుండా ఉండటానికే. అంటే డ్యాంప్ మొదటి నుంచీ బయట నుంచి వచ్చి కమ్ముకునేదే. ఇక మనం మంచిదనుకునే మాయిస్ట్ మూలం బహుశా బూజు పట్టినదని చెప్పే లాటిన్ మాట.

రాతగాడు: పుట్టుక ఏదైనా నేటి వాడుకే లెక్క. నేర్చుకునేవాళ్లకి ముందు మంచి చెడుల సూత్రం చాలు, మినహాయింపులు తర్వాత చెప్పుకోవచ్చు.

అక్షర: తలస్నానం చేసి తుడుచుకున్న జుట్టు మరి? అందులో ఇబ్బందేమీ లేదు, ఇంగ్లీషువాళ్లు మాత్రం డ్యాంప్ అనే అంటారు. రాతగాడు గారూ, ఇదీ మినహాయింపేనా?