బొంత కుట్టులోని తప్పును నొప్పించకుండా ఎలా చెప్పాలి?

మాది అనంతపురం. పాత నూలు చీరలను పొరలుగా పరచి బొంతలు కుట్టడం మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. నా మొదటి బొంతను అంచుల నుంచి లోపలికి కుట్టుకుంటూ వెళ్లడంతో గుడ్డంతా నడుమకు చేరి ముడతలు పడింది. చూసినవారందరూ బాగుందన్నారే తప్ప, ముందుగా కచ్చాకుట్టు వేసి పొరలు కదలకుండా చేసుకుని, నడుమ నుంచి అంచులకు కుట్టుకు రావాలని ఒక్కరూ చెప్పలేదు. ఆ తరువాతి రెండు బొంతలూ అలాగే పాడయ్యాయి.

ఇప్పుడు మా పక్కింటి అమ్మాయి, పుట్టబోయే బిడ్డ కోసం ఎంతో ఇష్టంగా బొంత కుడుతోంది. మెత్తబడిన తెల్లపంచె పక్కన ఒక్కసారి కూడా ఉతకని ఎర్రని నూలుగుడ్డను అతికింది. ఉతికితే ఆ గుడ్డ కుంచించుకుపోవచ్చు, రంగు పంచెకు అంటుకోవచ్చు. అతుకుల దగ్గర కుట్టుకు అవతల పావు అంగుళం గుడ్డ కూడా వదల్లేదు కనుక కుట్లు విడిపోతాయని నా భయం. పొరలు ఇంకా కలపలేదు, విప్పి సరిచేయడానికి వీలుంది.

"ఎలా ఉందక్కా?" అని ఆమె అడిగితే ఏ మాటతో మొదలుపెట్టాలి? అన్నీ ఒకేసారి చెప్పాలా, ముందు రంగు సంగతి మాత్రమే చెప్పాలా? మీ కుట్టులో తప్పును ఎవరైనా చూపినప్పుడు ఏ తీరు మీకు మేలు చేసిందో దయచేసి తెలుపగలరు.