కాయని పాదు తియ్య...య్యా: "క"నా, "వ"నా?

పాలకొల్లు పిల్ల:
మా అమ్మమ్మ పెరట్లో ఆనపపాదుకి నీళ్ళు పోస్తూ ఒక ముక్క పాడుకునేది. కొన్నాళ్ళుగా అది బుర్రలో తిరుగుతూ ఒక అక్షరం దగ్గర ఆగిపోతోంది.

"కాయని పాదు తియ్య_య్యా
ఈ యేటికుండనియ్యయ్యా"

ఆ ఖాళీలో "క"నా, "వ"నా? మా పిన్ని "తియ్యకయ్యా" అంటుంది. పెద్దమామయ్య "తియ్యవయ్యా" అని పందెం కాస్తున్నాడు. రెండో పాదం ఈ పాటదేనా, వేరేదాంట్లోంచి వచ్చి కలిసిందా అన్నది ఇంకో అనుమానం. మాది తాతల నాటి నుంచి బ్రదరన్ (క్రైస్తవుల్లో ఒక శాఖ) కుటుంబం. మాకున్న కీర్తనల పుస్తకాల్లో ఇది లేదు. ఎవరైనా విన్నారా?

ఏటిగట్టు:
"క"నే. ఇందులో చర్చేముంది? బైబిల్లో లూకా సువార్త, 13వ అధ్యాయం. అంజూరపు చెట్టు కాయడం లేదు, నరికెయ్యమన్నాడు యజమాని. "ఈ సంవత్సరముకూడ ఉండనిమ్ము" అని తోటమాలి బతిమాలుకున్నాడు. మీ రెండో పాదం అదే. తియ్యకయ్యా, ఉండనియ్యయ్యా. అయిపోయింది.

కొబ్బరిమట్ట:
అయిపోలేదండి. ఆ తోటమాలి ఊరికే ఉండనిమ్మనలేదు. చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. ఆ పనికి మా అంబాజీపేట వైపు మాటేంటి? పాదు తియ్యడం. కొబ్బరికైతే పళ్ళెం చెయ్యడం అని కూడా అంటాం. తొలకరికి మొదలు చుట్టూ అయిదారడుగుల మేర మట్టి లాగి, ఎరువు వేసి, కప్పేస్తాం. కాబట్టి "కాయని పాదు తియ్యవయ్యా" అంటే కాయనిదానికి పాదు తియ్యమని. మామయ్యగారే గెలిచారు.

ఏటిగట్టు:
కాయనిది చెట్టా, పాదా? గుంట ఎక్కడైనా కాస్తుందా? "కాయని పాదు" అన్నాక అక్కడ పాదు అంటే తీగే. ఆనపపాదు, బీరపాదు, గుమ్మడిపాదు అంటున్నామా లేదా? ఆవిడ నీళ్ళు పోసింది కూడా ఆనపపాదుకే.

కొబ్బరిమట్ట:
"కాయనిదాని పాదు" అనేది పాటలో నలిగి "కాయని పాదు" అయ్యుంటుంది. ఆవిడ నీళ్ళు పోసింది పాదులోనే కదా, ఆకుల మీద కాదుగా!

గోరింట:
ఒక్క నిమిషం. అంటే "క" పెట్టినా "వ" పెట్టినా భావం ఒకటేనా? తీగ పీకొద్దు, గుంట తియ్యి. వద్దన్నదీ అదే మాట, చెయ్యమన్నదీ అదే మాట! ఆ అమ్మమ్మగారు కావాలనే రెండు రకాలుగానూ పాడి ఉంటారేమో?

లాకుల వీధి మాష్టారు:
అమ్మాయ్, మంచి మాట పట్టావు. కానీ అందరూ తీగ దగ్గరే చిక్కుకున్నారు. పాదుకి అసలు అర్థం ఆలవాలం, అంటే మొక్క మొదట్లో నీళ్ళు నిలిచే చోటు. తీగకి ఆ పేరు తర్వాత అంటుకుంది. భాగవతాన్ని కల్పవృక్షంగా వర్ణించిన పద్యంలో పోతన ఏమన్నాడు? "విమలవ్యాసాలవాలంబునై". కాండం ఉంది, మూలం కృష్ణుడు, కొమ్మల్లో శుకుడి పలుకులు, లతలు విడిగా ఉన్నాయి. వ్యాసుడు మాత్రం ఆలవాలం. చెట్టు కాదు, వేరు కాదు, పాదు! కవి అనేవాడు గ్రంథకర్తకి అంతకంటే ఏం గౌరవం ఇవ్వగలడు? ఆ పద్యంలో ప్రతి విశేషణమూ ఇటు చెట్టుకీ అటు గ్రంథానికీ సరిపోతుంది. స్కంధం అంటే బోదె, అధ్యాయాల గుంపు కూడా. ద్విజులంటే పక్షులు, బ్రాహ్మణులు. వృత్తం అంటే గుండ్రదనం, పద్యం కూడా. నేను క్లాసులో ఈ ఒక్క పద్యానికే రెండు పీరియడ్లు తీసుకునేవాణ్ణి.

ఏటిగట్టు:
మాష్టారూ, పోతన మీద మాకూ భక్తే. కానీ ప్రశ్న "క"నా "వ"నా అని.

లాకుల వీధి మాష్టారు:
అక్కడికే వస్తున్నాను. ఆలవాలం అర్థమైతే "వ". తీగ అర్థమైతే "క". పాత అర్థం ఆలవాలం కాబట్టి పాత పాటలో "వ".

గోరింట:
పాట ఎంత పాతదో తెలియకుండా పాత అర్థం ఎలా పెడతామండి? బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు ఇండియాకి వచ్చిందే 1836లో. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల బ్రదరన్ సంఘాలు ఆ తర్వాతివే. పోతనకీ ఈ పాటకీ మధ్య నాలుగొందల ఏళ్ళు లేవూ?

పాత అట్ట:
నా సిద్ధాంతం వేరు. పాదు "పాదం" నుంచి వచ్చింది. చెట్టు పాదం దగ్గర ఉంటుంది కాబట్టి పాదు. అప్పుడు ఈ వాక్యంలో ప్రభువు పాదాల ధ్వని కూడా ఉంది. "పాదు తియ్యకయ్యా" అంటే "నీ పాదాలు నా దగ్గర్నించి తియ్యకు" అని.

ఏటిగట్టు:
"కాయని పాదాలు"?

లాకుల వీధి మాష్టారు:
పాత అట్టగారూ, తమిళంలో పాత్తి ఉంది, కన్నడంలో పాతి ఉంది. రెండూ మడికో, గుంటకో వాడే మాటలే. ఇంటి మాటకి సంస్కృతం గుడ్డ ఎందుకు కప్పడం? స్థిరపడ్డాన్ని "పాదుకొను" అంటాం చూడండి, అదీ ఇక్కడిదే.

పాత అట్ట:
అయితే దొండపాడు ఊరి పేరు కూడా దొండపాదేనా మాష్టారూ? నాకెప్పటినుంచో అనుమానం.

లాకుల వీధి మాష్టారు:
పాడు వేరు, పాదు వేరు. పాడు ఊరికి వచ్చేది. గుంటూరు జిల్లా అంతా పాడులే, అక్కడంతా పాదులు తవ్వారంటారా?

రేవు మెట్టు:
ఆలస్యంగా వచ్చాను. నాన్నగారు పాస్టరు, ఇంట్లో ఈ మాట మీద తగువులు చూసి పెరిగినవాణ్ణి. అందరూ లూకా 13 దగ్గర ఆగిపోయారు. ఆనపపాదు దగ్గర నిలబడ్డ మనిషికి ముందు గుర్తొచ్చేది యోహాను 15 కాదా? ద్రాక్షావల్లి, తీగెలు. రెండో వచనం చూడండి. ఫలించని తీగెను "తీసి పారవేయును". ఫలించేదానిలో పనికిరాని తీగెల్ని కూడా "తీసి పారవేయును". తెలుగులో రెండు చోట్లా ఒకే క్రియ. గ్రీకులో అవి రెండు వేర్వేరు క్రియలు, కానీ వినడానికి ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి: ఐరేయ్, కథైరేయ్. రెండోదానికి శుభ్రం చెయ్యడం అని అర్థం. మూడో వచనంలో "మీరిప్పుడు పవిత్రులై యున్నారు" అన్న మాట అందుకే వస్తుంది.
కాబట్టి "కాయని పాదు తియ్యవయ్యా" అంటే నాలో కాయని కొమ్మ ఏదుందో అది తియ్యమని. అది బతిమాలుకోవడం కాదు, ఒప్పుకోలు. "వ" ఖాయం, కానీ కొబ్బరిమట్టగారి "వ" కాదు.

కొబ్బరిమట్ట:
ఆ లెక్కన "వ" వైపు నాకు తోడు వచ్చారా, శత్రువు వచ్చారా?

రేవు మెట్టు:
ఇంకో మెలిక ఉంది. ఆ మొదటి క్రియకి "ఎత్తు" అన్న అర్థం కూడా గ్రీకులో ఉంది. నేల మీద పాకే తీగని పందిరి మీదికి ఎత్తడం అని కొందరు వ్యాఖ్యాతలు చెబుతారు. చాలామంది ఒప్పుకోరు, ఆరో వచనంలో ఎండిన తీగెలు నిప్పులో పడతాయి కాబట్టి. కానీ ఆనపపాదు పెంచినవాళ్ళకి ఈ రెండో అర్థం మీద ప్రేమ పుట్టకుండా ఉంటుందా? నేల మీద వదిలేస్తే పిందె మట్టికి తగిలి కుళ్ళిపోతుంది. పందిరెక్కిస్తే కాస్తుంది.

గోరింట:
దీనికి పెరటి సాక్ష్యం నేనిస్తాను. ఆనపపాదు మొదటి తీగకి ఎక్కువగా మగపూలే వస్తాయి. చివర గిల్లేస్తే పక్క కొమ్మలు వస్తాయి, ఆడపూలు ఎక్కువగా వాటికే. మా అత్తగారు నా కళ్ళముందే ఏపుగా పెరుగుతున్న తీగ చివర గిల్లేస్తే ప్రాణం ఉసూరుమంది. తర్వాత కాయలు పంచలేక చచ్చాం. "ఫలించు ప్రతి తీగె మరి ఎక్కువగా ఫలింపవలెనని" అన్న ముక్క అప్పటిదాకా నాకు ఆదివారం వినే శబ్దమే.

ఏటిగట్టు:
బాగుంది. కానీ రేవు మెట్టుగారి అర్థానికి రెండో పాదం అడ్డం పడుతుంది. తీసేయమని వేడుకుని వెంటనే ఈ ఏటికి ఉండనియ్యమనడం ఏంటి?

రేవు మెట్టు:
రెండో పాదం ఈ పాటదో కాదో తెలియదని అడిగినావిడే చెప్పింది కదండి. అతుకు తీసేస్తే సరి.

ఏటిగట్టు:
మీ సిద్ధాంతానికి అడ్డొచ్చింది కాబట్టి అతుకు అయిపోయిందా!

పాత అట్ట:
ఛందస్సుతో తేల్చేద్దాం. "కాయని"లో కా, "తియ్యకయ్యా"లో క. యతి కుదిరింది, స్వరం కూడా కుదిరింది. "వ" పెడితే యతి పోతుంది.

లాకుల వీధి మాష్టారు:
పాదం చివరి ముందక్షరానికి యతి పెట్టే ఛందస్సు ఏదో సెలవియ్యండి, నేర్చుకుంటాను. మాత్రలు లెక్కపెట్టినా "తియ్యకయ్యా" ఏడు, "తియ్యవయ్యా" ఏడు. ఛందస్సు ఇద్దరికీ సాక్ష్యం చెప్పదు.

మండువా లోగిలి:
అందరికీ నమస్కారం. ఒక చిన్న ఫిర్యాదు. ఇంట్లో ఏ వస్తువు కనబడినా ఒక పాఠం లాగే అలవాటు మనవాళ్ళలో ఎక్కువైంది. అంట్లగిన్నె చూస్తే పాపక్షమాపణ, కలుపు చూస్తే అపవాది, కరెంటు పోతే అంత్యదినాలు. ఆనపకాయని ఆనపకాయగా ఉండనిస్తే బాగుంటుంది. ఆవిడ ఊసుపోక ఏదో పాడుకుని ఉంటుంది.

గోరింట:
ఆ అలవాటు మనది కాదు కదండీ, సువార్తల్లోంచే వచ్చింది. విత్తనాలు, ఉప్పు, దీపం, పోయిన నాణెం కోసం ఇల్లు ఊడ్చుకున్న ఆవిడ. కాకపోతే అవి ఒక్కోటి నాలుగు వాక్యాల్లో అయిపోతాయి, మనవాళ్ళవి గంట.

కొబ్బరిమట్ట:
అంజూరపు యజమాని మూడేళ్ళకే విసిగిపోయాడు. మా దేశవాళీ కొబ్బరి ఆరేడేళ్ళకి గానీ కాపుకి రాదు. ఆయన కోనసీమలో పుట్టుంటే ఆ ఉపమానమే ఉండేది కాదు.

ఏటిగట్టు:
బైబిల్లో మొదటి కీర్తనలో "నీటికాలువల యోరను నాటబడిన" చెట్టు సంగతి? మా ఊళ్ళో దాన్ని కాటన్ దొర కాలువ అనుకునే చదువుతారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిందే 1852లో అని చెబితే నన్ను అవిశ్వాసిలా చూశారు. వేసవిలో కాలువలు కట్టేశాక "ఆకు వాడక" ఎలా ఉంటుందని అడిగాను ఒకసారి. "వేరు లోతుకి దిగాకే కాలువ కడతార్రా" అన్నాడు మా చినతాత. ఆ జవాబు ఏ వ్యాఖ్యానంలోనూ దొరకలేదు నాకు.

లాకుల వీధి మాష్టారు:
పొంగే పిండి ఉపమానంలో "మూడు కుంచముల పిండి" ఉంది చూశారా? కుంచం పాతకాలపు ధాన్యం కొలత. కుంచానికి నాలుగు మానికలు, అంటే పన్నెండు మానికల పిండి. ఒక ఇంటికి అంత పిండేంటి, పెళ్ళా? కొండ మీది ప్రసంగంలో దీపం కూడా "కుంచము" కిందే పెట్టరన్నాడు. గ్రీకులో ఈ రెండూ వేర్వేరు కొలతలట. మన అనువాదకులు రెంటికీ ఒకే కుంచం పెట్టేశారు. ఎందుకు?

రేవు మెట్టు:
దీపాన్ని మూసేంత పాత్ర కావాలి, ఇంటింటా ఉన్నదై ఉండాలి. అప్పటికి కుంచమే. అందులో నాకేం తప్పు కనబడదు. పిండి దగ్గర మాత్రం కుంచం కంటే పెద్ద కొలతలో, పుట్టెడో తూమెడో అనుంటే విందు సైజు తెలిసేది.

పాత అట్ట:
ఇంటి వస్తువుల సంగతొచ్చింది కాబట్టి కవి జాషువాని తలుచుకోకుండా ఎలా? గబ్బిలం ఇంట్లో దూరితే అరిష్టమని చీపురు పట్టుకునే ఊళ్ళలో, ఆయన 1941లో "గబ్బిలం" కావ్యంలో దాన్నే దూతగా శివుడి దగ్గరకి పంపించాడు. గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. పాఠం లాగడం అంటే అదీ, మండువా లోగిలిగారూ. అన్నట్టు మూకీ సినిమాలకి కథ చదివి వినిపించే ఉద్యోగం ఆయన చేసింది మన రాజమండ్రిలోనే.

మండువా లోగిలి:
జాషువాతో నాకు పేచీ లేదు. ఆయన గబ్బిలాన్ని గబ్బిలంగానే ఉంచాడు. అది పోతూ పోతూ దారిలో ఊళ్ళన్నీ చూస్తుంది. ఆయన క్రీస్తుచరిత్ర కావ్యానికి సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది కానీ నాకు ఇప్పటికీ గబ్బిలమే ఎక్కువ ప్రార్థనలా అనిపిస్తుంది.

పాత అట్ట:
దీనికి వేరే చర్చ పెట్టాలి. నేను ఒప్పుకోను.

పాలకొల్లు పిల్ల:
అందరికీ ధన్యవాదాలు, కానీ నా టెన్షన్ ఇంకా పెరిగింది. పెద్దమామయ్యకి ఫోన్ చేసి పాడమన్నాను. ఆయన పాడింది "కాయని పాదు తియ్యా... య్యా". క లేదు, వ లేదు. అక్షరం మింగేసి "య్య"ని సాగదీశాడు. "అమ్మ ఇలాగే పాడేది" అంటున్నాడు. పందెం సంగతడిగితే ఫోన్ పెట్టేశాడు.

కొబ్బరిమట్ట:
మింగింది "వ"నే. తియ్యయ్యా అంటే తియ్యమనేగా.

ఏటిగట్టు:
మింగింది "క". పాట పాడేటప్పుడు గొంతులో జారిపోయేది కంఠ్యమే, పెదాల మీది "వ" జారదు.

లాకుల వీధి మాష్టారు:
పిన్నిగారి చేత కూడా పాడించి వాయిస్ పంపమ్మా. ఈలోగా రేవు మెట్టుగారూ, పుట్టెడంటే ఎన్ని కుంచాలో లెక్క చూసుకునే అన్నారా ఆ మాట?