వంటగట్టు అందామా? గట్టు, బండ, పలక గురించి చర్చ

సభ్యులందరికీ నమస్కారం. మాది విశాఖలో మధురవాడ. మా అపార్టుమెంటులో వంటింటి రాళ్లను ఎలా చూసుకోవాలో తెలుగులో ఒక పేజీ రాసిమ్మని అసోసియేషన్ వాళ్లు నన్ను అడిగారు. బాత్రూములు కడిగే యాసిడ్‌తోనే పొయ్యి దగ్గరి రాయినీ తుడిచేస్తున్నారు. కొన్ని ఇళ్లలో రాయి మెరుపు పోయింది, ఒకరింట్లో స్టీలు సింకు చుట్టూ చుక్కలు చుక్కలుగా తుప్పు పట్టింది. రాయి అమ్మినవాళ్లు ఇచ్చిన ఇంగ్లీషు కాగితం సొరుగులో పడి ఉంది. రోజూ ఆ రాయి తుడిచే ఆడవాళ్లకు అది ఎందుకూ పనికిరాదు. వాళ్లు చదివి, పక్కింటి ఆవిడకు కూడా చెప్పగలిగేలా నా పేజీ ఉండాలని నా కోరిక.

రాయబోతే మొదటి మాటే తేలలేదు. ఆ రాతిని ఏమనాలి? తాపీ మేస్త్రి ‘ప్లాట్‌ఫాం’ అంటాడు. రాళ్ల దుకాణంలో ‘టాప్’ అంటారు. పత్రికల వాళ్లు ‘కౌంటర్‌టాప్’ అని రాసి ఊరుకుంటారు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయిది విజయనగరం వైపు. ఆమె ఏ తడుములాటా లేకుండా ‘గట్టు’ అంటుంది. ‘గట్టు మీద పెట్టీసేనమ్మా’, ‘గట్టు తుడిచీసేను’. నాకు ఇదే సరైన మాట అనిపిస్తోంది. ఇది నిఘంటువులు తిరగేసి కుట్టిన మాట కాదు, ఇప్పటికే నోళ్లలో ఉన్న మాట.

నా వాదన ఇదీ. మనకు నూతిగట్టు ఉంది. నూతి చుట్టూ ఎత్తుగా కట్టి, పైన నున్నగా చేసి, బిందె దించుకోవడానికి వీలుగా ఉంచేది. పక్కన నీళ్లు పడతాయి, తడుస్తుంది, రోజూ కడుగుతారు. వంటింట్లో ఉన్నది చేసే పని కూడా అదే. నూతిగట్టు నుంచి వంటగట్టుకు ఒక్క అడుగే.

ఇంకొక్క మాట. గట్టు అంటే మొత్తం కట్టడం. కింద ఇటుక గోడలు లేదా నిలువు బండలు, వాటి మీద అడ్డంగా పరిచిన కడప బండ, దాని మీద సిమెంటు, ఆ పైన మెరుగుపెట్టిన రాయి. పైనున్న ఆ ఒక్క పొర పేరు ‘పలక’ అంటే సరిపోతుంది. అప్పుడు ‘గట్టుకి ఏ పలక వేయించారు?’ అని అడగవచ్చు. ఇంగ్లీషులో ‘టాప్’ అనేదానికి ఇంతకంటే స్పష్టమైన మాట అక్కర్లేదు. మీరేమంటారు?

మల్కాపురం నుంచి ఒక సభ్యుడు

అమ్మా, మీ మాటకు నా ఓటు. పాత సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే గట్టు వంటింట్లోకి ఎందుకు వచ్చిందో తెలిస్తే మాట మీద నమ్మకం పెరుగుతుంది.

మా చిన్నప్పుడు వంట నేల మీదే. పొయ్యిగడ్డ ఉండేది, దాని పక్కన పొంత, పొంత మీద నీళ్ల కుండ. మా అమ్మ పీట వేసుక్కూర్చుని వండేది. కత్తిపీట నేల మీద, రోలు నేల మీద, రుబ్బురోలు నేల మీద. ఆ వంటింట్లో గట్టుతో పనే లేదు. గ్యాసు వచ్చాక లెక్క మారింది. సిలిండరు నిలువుగా నేల మీద ఉండాలి, పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి. ఇది గ్యాసు వాళ్లు ఇప్పటికీ చెప్పే భద్రతా నియమం. అంటే పొయ్యికి నడుమెత్తు ఆసరా తప్పనిసరి అయింది. మా ఊరి రిఫైనరీ 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలైంది, తర్వాత 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. ఆ చుట్టుపక్కల పెరిగినవాళ్లం కాబట్టి ఈ మార్పు కళ్లారా చూశాం. మొదట చెక్కబల్ల మీద పొయ్యి పెట్టారు. తర్వాత ఇటుకలతో కట్టి సిమెంటు పూశారు. అప్పుడే ‘పొయ్యిగట్టు’ అన్నారు. గ్రానైటు ఆ తర్వాతెప్పుడో వచ్చింది. రాయి రాకముందే మాట ఉంది.

గాజువాకలో స్థిరపడ్డ తాండూరు వాసి

అక్కా, ఒక అభ్యంతరం. మా వైపు గట్టు అంటే కొండ. గద్వాల దగ్గర గట్టు అనే మండలమే ఉంది. నల్లగొండ దగ్గర చెరువుగట్టు గుడి ఉన్నది కొండ మీదే. ‘గట్టు తుడువు’ అంటే మా అమ్మకు వింతగా ఉంటుంది. మాకు రాయి అంటే బండ. ఇంట్లో పరిచేది బండ, అరుగు మీద వేసేది బండ. మా తాండూరు బండలు, షాబాదు బండలు మీ విశాఖ ఇళ్లల్లో కూడా ఉన్నాయి. ‘వంటబండ’ అంటే ఏం తప్పు? లేదంటే ‘వంట అరుగు’ అయినా అనవచ్చు.

మొదటి సభ్యురాలి జవాబు

తమ్ముడూ, బండ మంచి మాటే. కానీ వంటింట్లో ఆ మాట ఇప్పటికే వేరే వస్తువు పట్టుకుపోయింది. ‘గ్యాస్ బండ’ అంటే సిలిండరు. పత్రికల్లో ‘బండ ధర పెరిగింది’ అని రాస్తే రాయి ధర అని ఎవరూ అనుకోరు. నేను కాగితంలో ‘బండ మీద వేడి గిన్నె పెట్టకండి’ అని రాస్తే, చదివినవాళ్లు సిలిండరు వైపు చూస్తారు. భద్రత గురించిన కాగితంలో ఆ తికమక ఉండకూడదు.

అరుగు మాటకొస్తే, అది మనుషులు కూర్చునేది. వీధరుగు, రచ్చ అరుగు. ఎండవేళ నడుం వాల్చేది కూడా. గట్టు మీదా కూర్చుంటాం నిజమే, కానీ అరుగుకు మనిషే ప్రధానం. మీ అమ్మగారి మాటను మాత్రం నేను కొట్టిపారేయను. ‘గట్టు’ ఒంటరిగా కాక, మొదటిసారి ‘వంటగట్టు’ అని పూర్తిగా రాస్తాను. అప్పుడు కొండ అనే అర్థం రాదు కదా?

తాండూరు వాసి

వంటగట్టు అంటే అర్థమైతది. ఒప్పుకుంటున్నా.

కంచరపాలెం నుంచి, పుట్టిల్లు ప్రొద్దుటూరు

పేరు తేలింది కాబట్టి అసలు చిక్కు దగ్గరికి వస్తాను. గట్టు కంటే పలక పేర్లే ఎక్కువ నష్టం చేస్తున్నాయి. దుకాణంలో నల్లగా మెరిస్తే చాలు, అంతా ‘గ్రానైటు’ అంటున్నారు. మా కడప వైపు నుంచి వచ్చే నల్ల బండ గ్రానైటు కాదండీ, నాపరాయి. నాపరాయి అంటే సున్నపురాయి జాతి. మెరుగుపెడితే చూడటానికి గ్రానైటులాగే ఉంటుంది, ధర తక్కువ. కానీ దాని మీద నిమ్మకాయ కోసి అలాగే వదిలేస్తే తెల్లగా మచ్చ పడుతుంది. చింతపండు రసం, వెనిగరు, టమాటా, మజ్జిగ ఇవన్నీ అంతే. పాలరాయి కూడా ఇదే జాతి. పాలరాతి మీద పడింది మరక అనుకుని రుద్దుతూ కూర్చుంటారు. అది మరక కాదు, పులుపు రాతిని తినేసిన గుంట. ఎంత రుద్దినా పోదు, మళ్లీ మెరుగుపెట్టించాల్సిందే.

అందుకని నా సలహా: కాగితంలో గ్రానైటు, మార్బులు, లైమ్‌స్టోన్ అని వర్గాలు పెట్టకండి. ‘పులుపు పడని రాయి’ అని రాయండి. ఒంటికి వంకాయ పడదు అంటాం, ఫలానా మందు పడదు అంటాం. రాయికీ అదే మాట వాడితే ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది. తమ ఇంట్లో ఉన్నది ఏ రాయో తెలియనివాళ్లు గట్టు చివర కనబడని మూల ఒక్క నిమ్మచుక్క వేసి, కాసేపాగి తుడిచి చూస్తే చాలు. మెరుపు తగ్గితే పులుపు పడని రాయి.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదివిన సభ్యుడు

పై మాట శాస్త్రపరంగా కూడా సరైనదే. పాలరాయి, నాపరాయి రెండింటిలోనూ ఉన్నది కాల్షియం కార్బొనేటు, అంటే కాల్సైటు. కాఠిన్యం కొలిచే మోస్ స్కేలు మీద కాల్సైటు 3, ఉక్కు కత్తి సుమారు 5.5, గ్రానైటులో ఉండే ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్జ్ 7. కాబట్టి కత్తి పాలరాతిని గీస్తుంది. గ్రానైటు మీద గీస్తే కత్తి పదునే పోతుంది.

వ్యాపారంలో ‘గ్రానైటు’ అనే మాట చాలా వదులుగా వాడతారు. మన చీమకుర్తిలో దొరికే బ్లాక్ గెలాక్సీ పేరుపడ్డ ‘గ్రానైటు’. నిజానికి అది గాబ్రో జాతి రాయి, అందులో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైటు అనే ఖనిజం. గృహిణికి దాంతో చిక్కేమీ లేదు. పులుపు విషయంలో అది గ్రానైటు లాగే ఉంటుంది. నాపరాయిని గ్రానైటు అనడమే హాని.

ఒక పక్కమాట: మన విశాఖ కొండల్లో ఎక్కువగా కనిపించే రాయి పేరు ఖొండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీద వాకర్ అనే శాస్త్రవేత్త 1902లో పెట్టాడు. ప్రపంచమంతా భూగర్భశాస్త్రజ్ఞులు వాడే ఆ పేరు మన తూర్పు కనుమల ప్రజలది. గట్టు మీద వేయడానికి మాత్రం అది పనికిరాదు, గాలికీ వానకూ ఎర్రబారి మెత్తబడిపోతుంది.

అనకాపల్లి నుంచి

ఇప్పుడు కొత్త ఇళ్లన్నిటిలో క్వార్ట్జ్ అంటున్నారు. తెలుగులో ఇది పలుగురాయి కదా. పొలాల్లో తెల్లగా కనబడేది. గట్టుకి వేసేది మాత్రం తవ్వి తీసిన పలక కాదు. పలుగురాతిని పొడి చేసి, రెసిన్ జిగురు కలిపి అచ్చుపోసినది. బరువులో సుమారు 90 శాతం పైన రాతిపొడే. మన అచ్యుతాపురం సెజ్‌లోనే తయారుచేస్తున్నారు. దానికి పులుపు పడుతుంది, అంటే పులుపుతో ఏమీ కాదు. మరకలను పెద్దగా పీల్చదు. కానీ వేడి పడదు. జిగురు ఉంది కాబట్టి, పొయ్యి మీంచి దించిన మూకుడు నేరుగా పెడితే మచ్చ పడుతుంది. కాబట్టి రెండో వర్గం ‘వేడి పడని రాయి’.

ఇంకోటి కూడా మీ పేజీలో చోటుంటే రాయండి. ఈ పలకను ఇంట్లో పొడిగా కోయనివ్వకండి. ఆ దుమ్ములో సిలికా గ్రానైటులో కంటే చాలా ఎక్కువ. పీల్చినవాళ్లకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు, వస్తే నయం కాదు. ఆస్ట్రేలియాలో 2024 జూలై 1 నుంచి ఈ రకం పలకలను నిషేధించారు, కోసే కుర్రాళ్లు జబ్బు పడుతున్నారనే. ఇక్కడ సింకు కంత పెట్టడానికి వచ్చే పిల్లలు మూతికి తువ్వాలు కట్టుకుని కోస్తారు. ఆ సన్నని దుమ్మును తువ్వాలు ఆపలేదు. నీళ్లు పోస్తూ కోయమని, సరైన మాస్కు పెట్టుకోమని ఇంటివాళ్లే పట్టుబట్టాలి.

పెందుర్తి నుంచి

పసుపు మరక మాటేమిటండీ? లేత రంగు పలక ఉన్నవాళ్లందరి బాధ అదే. సబ్బు రాస్తే ఎర్రబడింది, భయమేసింది.

ప్రొద్దుటూరు పుట్టిల్లు గలావిడ

అమ్మా, పారాణి గుర్తుచేసుకోండి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది కదా. క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కుతుంది. గాఢమైన సబ్బులోనూ క్షారమే ఉంది. రాతికి ఏమీ కాలేదు, రంగు మారిందంతే. వెంటనే తుడిచేస్తే సగం పని అయిపోతుంది. మిగిలిన మరక ఎండ తగిలితే దానంతటదే వెలుస్తుంది, కిటికీ పక్క గట్టయితే ఇంకా తొందరగా. నూనె మరక మాత్రం అలా పోదు. వంటసోడా నీళ్లతో ముద్దలా కలిపి, మరక మీద పట్టించి, పైన ప్లాస్టిక్ కప్పి రాత్రంతా ఉంచితే ఆ ముద్ద నూనెను పైకి లాగుతుంది.

మొదటి సభ్యురాలు

అందరికీ ధన్యవాదాలు. మీ మాటలతోనే పేజీ రాశాను. తప్పులుంటే చెప్పండి.

‘వంటగట్టును రోజూ గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా గిన్నెలు తోమే సబ్బు వేసి మెత్తని గుడ్డతో తుడవండి. బాత్రూము యాసిడ్ ఏ రాతికీ వాడకండి. దాని ఆవిరి తగిలినా స్టీలు సింకు పాడవుతుంది, సముద్రపు గాలి ఉన్న మన ఊళ్లో ఇంకా తొందరగా పాడవుతుంది. మీది పులుపు పడని రాయి అయితే (పాలరాయి, నాపరాయి) నిమ్మ, చింతపండు, వెనిగరు పడిన వెంటనే తుడిచేయండి. వేడి పడని రాయి అయితే (క్వార్ట్జ్) వేడి గిన్నె కింద మట్టు తప్పనిసరి. గట్టు మీద నీటిచుక్క వేసి పావుగంట ఆగి చూడండి. ఆ చోట రాయి నల్లబడితే నీళ్లు పీలుస్తోందని అర్థం, అలా పీల్చకుండా చేసే సీలర్ పూయించండి. అటక మీది సామాను కోసం గట్టెక్కేటప్పుడు సింకు ముందున్న సన్నని పట్టీ మీద కాలు పెట్టకండి, అక్కడే పలక విరుగుతుంది.’

ఒక సందేహం మిగిలింది. సీలర్‌కి తెలుగులో ‘రాతిపూత’ అందామా?

మల్కాపురం నుంచి

వద్దమ్మా. పూత అంటే పైన పొరలా నిలిచేది అనుకుంటారు. ఇది రాతి సందుల్లోకి ఇంకిపోతుంది. పైగా దుకాణానికి వెళ్లి ‘రాతిపూత’ అడిగితే పెయింటు డబ్బా చేతిలో పెడతారు. సీలర్ అనే ఉంచండి. ‘మట్టు’ బదులు మాత్రం ‘చుట్టకుదురు’ రాస్తే మా ఇళ్లలో వెంటనే తెలుస్తుంది.

మొదటి సభ్యురాలు

చుట్టకుదురు చేర్చాను. సీలర్ అలాగే ఉంచాను. రేపు అచ్చుకి ఇస్తున్నాను.