మొదటిసారి రాస్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్ బోర్డు) పట్టుకునేవాళ్ళకి మానిటర్ ఉండాలా, అక్కర్లేదా?

గోదారిగట్టు:
వచ్చే సెమిస్టర్ మా డిగ్రీ పిల్లలకి తలా ఒక పై జీరో 2 డబ్ల్యూ (రాస్‌బెర్రీ పైలో చిన్న రకం బోర్డు) ఇస్తున్నాం. మానిటరూ కీబోర్డూ లేకుండానే మొదలుపెట్టించాలని నా పట్టు. ఆ బోర్డుకి మానిటర్ తగిలించాలంటే మినీ హెచ్‌డీఎంఐ కన్వర్టర్, కీబోర్డుకి ఓటీజీ కేబుల్, మౌస్ కూడా అంటే హబ్. బోర్డు కన్నా సరంజామా ఎక్కువ. ఇమేజర్ అనే సాఫ్ట్‌వేర్‌తో మెమరీ కార్డులోకి ఓఎస్ ఎక్కించేటప్పుడే హోస్ట్‌నేమ్ (నెట్‌వర్క్‌లో బోర్డు పేరు), యూజర్, పాస్‌వర్డ్, వైఫై, ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా ల్యాప్‌టాప్ నుంచి బోర్డులోకి లాగిన్ అయ్యే దారి) నింపేస్తే అయిపోయె. రేపు ఆ బోర్డు పొలంలో మోటారు పక్కన డబ్బాలో ఉంటుంది, అక్కడికి మానిటర్ ఎవరు మోసుకెళ్తారు?

రెసిస్టర్‌రాజు:
పనిచేస్తే బాగానే ఉంటుంది సార్. పనిచేయకపోతే? పచ్చ లైటు మిణుకుతుంటుంది, నెట్‌వర్క్‌లో బోర్డు కనపడదు. తప్పు కార్డుదా, పాస్‌వర్డ్‌దా, రూటర్‌దా? పిల్లాడికి తెలిసే దారే లేదు. జీరో 2 డబ్ల్యూకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే అందుతుంది, ఫోన్ హాట్‌స్పాట్ 5లో ఉంటే ఎంతసేపు కూర్చున్నా కలవదు. పైగా అందరూ పాత వీడియోలే చూస్తారు. కార్డులోని బూట్ పార్టిషన్‌లో డబ్ల్యూపీఏ సప్లికెంట్ ఫైలు (వైఫై పేరూ పాస్‌వర్డూ రాసిన ఫైలు) పెట్టమంటారు అందులో. 2023లో బుక్‌వార్మ్ అనే ఓఎస్ వెర్షన్ వచ్చి, వైఫై కలిపే పని నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రాముకి మారాక ఆ కిటుకు చెల్లదు. యూజర్ 'పై', పాస్‌వర్డ్ 'రాస్‌బెర్రీ' అంటారు. 2022 ఏప్రిల్‌లోనే ఆ యూజర్‌ని ఎత్తేశారు. స్క్రీను ఉంటే ఎక్కడ ఆగిందో కళ్ళెదుటే కనిపిస్తుంది కదా.

ల్యాబ్ మేడమ్:
స్క్రీనే కావాలని ఏముంది రాజుగారూ? 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ కేబుల్ చాలు. కాన్ఫిగ్ ఫైల్లో యూఆర్ట్ (బోర్డు సీరియల్ పోర్టు) ఆన్ చేసి, బోర్డు మీది జీపీఐఓ 14 పిన్నుని కేబుల్ ఆర్‌ఎక్స్‌కి (అందుకునే తీగ), 15ని టీఎక్స్‌కి (పంపే తీగ), గ్రౌండ్‌ని గ్రౌండ్‌కి కలిపి, 115200 స్పీడులో టెర్మినల్ తెరవండి. బోర్డు ఆన్ అయ్యేటప్పటి కెర్నల్ (ఓఎస్‌లో మూల భాగం) మెసేజీలన్నీ ల్యాప్‌టాప్‌లోనే వరసగా దిగుతాయి. వైఫై లేకపోయినా లాగిన్ అవ్వచ్చు. 5 వోల్టుల సిగ్నల్ కేబుల్ మాత్రం పెట్టనివ్వద్దు, పిన్నులు పోతాయి.

రెసిస్టర్‌రాజు:
కేబుల్ సంగతి ఒప్పుకుంటా మేడమ్. కానీ లినక్స్ మొహమే చూడని పిల్లలకి మొదటి రోజే కమాండ్లు టైపు చేసే నల్ల తెరా? నా ఓటు మానిటర్‌కే.

గోదారిగట్టు:
ఆ నల్ల తెర నేర్పడానికే గదా బోర్డు ఇచ్చేది! మేడమ్ చెప్పిన కేబుల్ బెంచీకొకటి తెప్పిస్తున్నా. కాలేజీ వైఫై జోలికి అసలు వెళ్ళం. లాగిన్ పేజీ ఒక తంటా, ఒక డివైస్‌కి ఇంకోటి కనపడకుండా కట్టడి ఇంకో తంటా. 2.4లో విడిగా ఒక రూటర్ పెడతాం. హోస్ట్‌నేమ్‌లో రోల్ నంబరు తప్పనిసరి. అందరూ 'రాస్‌బెర్రీపై' అనే వదిలేస్తే ఎవడి బోర్డు ఎవడికి దొరుకుతుందో చెప్పలేం. సీరియల్ కేబుళ్ళు వాడుతున్నవాళ్ళు ఏ చిప్‌వి తీసుకోవాలో చెప్పండి, ఈ వారమే ఆర్డరు పెట్టాలి.