సైట్లలో సేఫ్టీ బోర్డులు: బొమ్మ ఒక్కటే చాలా, తెలుగు రాత కూడా ఉండాలా?

ఉడ్‌వర్క్_రాజు (జూన్ 2024; 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్లు రాకముందు చర్చ, ఇందులోని కార్మిక చట్టాలు అప్పటివి)
హైదరాబాద్ కోకాపేట వైపు ఒక టవర్ సైట్‌లో తలుపుల పని చేస్తున్నాం. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్స్, దాని మీద నీలం గుండ్రాలు, పసుపు త్రికోణాలు, ఎర్ర గీత కొట్టినవి బోలెడు, కింద అంతా ఇంగ్లీషే. లోపల పనిచేసేదేమో ఒడిశా, జార్ఖండ్, పాలమూరు, శ్రీకాకుళం వాళ్లు. రాడ్ బెండింగ్ కుర్రాడిని పిలిచి నీలం గుండ్రంలో సేఫ్టీ బెల్టు బొమ్మ చూపించి ఇదేంట్రా అంటే "అది ఆఫీసోళ్లది అన్నా" అన్నాడు. మరి ఈ బోర్డులు ఎవరి కోసం?

సేఫ్టీ_శేఖర్
బొమ్మలు పెట్టేదే భాషతో పని లేకుండా అండి. ఐఎస్ఓ 7010 అని ప్రపంచమంతా ఒకటే పద్ధతి, మన దగ్గర ఐఎస్ 9457 అని భారతీయ ప్రమాణం ఉంది. నీలం గుండ్రం అంటే తప్పక చెయ్యాలి, ఎర్ర గుండ్రం మీద అడ్డ గీత ఉంటే చెయ్యకూడదు, పసుపు త్రికోణం అంటే ప్రమాదం ఉంది చూసుకో, ఆకుపచ్చ అంటే బయటికి దారి, ఫస్ట్ ఎయిడ్. నాలుగు రంగులు, చదువు రానివాడికి కూడా పది నిమిషాల్లో వచ్చేస్తాయి. నా సైట్‌లో ఐదు భాషల వాళ్లున్నారు, ఐదు భాషల్లోనూ రాస్తే బోర్డు మీద ఇక బొమ్మకి చోటేది?

తాపీమేస్త్రీ_పాలమూరు
పది నిమిషాల్ల వస్తదంటరు, ఆ పది నిమిషాలు ఎవలు ఇచ్చిండ్రు సారూ? పొద్దుగాల ఆరింటికి లేబర్ అడ్డా కాడ బండి ఎక్కిచ్చుకుంటరు, ఎనిమిదింటికల్లా మాలు కలుపుడే. నేను ఇరవై ఏండ్ల సంది మేస్త్రీ పని జేస్తున్న, నీలం అంటే ఇదని నాకు ఒక్కడు చెప్పలే.

రోడ్డు_మాస్టారు
నీలం అంటే తప్పక చెయ్యాలి అన్నారు. నో పార్కింగ్ బోర్డు కూడా నీలమే కదా. పెట్రోల్ బంక్, హాస్పిటల్ బోర్డులు కూడా నీలమే. జనానికి నీలం అంటే సమాచారం.

సేఫ్టీ_శేఖర్
నో పార్కింగ్‌కి ఎర్ర అంచు, ఎర్ర గీత ఉంటాయి మాస్టారూ. గీత ఉందంటే వద్దనే. పెట్రోల్ బంక్ బోర్డు గుండ్రంగా ఉండదు, నలుచదరం. ఆకారం చూడాలి.

రోడ్డు_మాస్టారు
లోపలి రంగు నీలమా కాదా, అది చెప్పండి.

సేఫ్టీ_శేఖర్
నీలమే. అయితే?

రోడ్డు_మాస్టారు
అయితే అంతే. నేను అడిగింది అదే.

అబుదాబి_రిటర్న్
గల్ఫ్‌లో అరబిక్, ఇంగ్లీష్, హిందీ మూడూ ఉంటయ్. కానీ మా ప్రాణం కాపాడింది ఆ బోర్డులు కాదు, పరంజా నిచ్చెనకు కట్టే ట్యాగ్. పచ్చది ఉంటే ఎక్కు, ఎర్రది ఉంటే ఎక్కకు, ఇన్‌స్పెక్టర్ తేదీ వేసి సంతకం చేస్తడు. ఎర్ర ట్యాగ్ ఉన్నది ఎక్కితే ఫోర్‌మన్‌ను కూడా ఇంటికి పంపుతరు. ఇక్కడ సర్వీ కట్టెలు కట్టి దాని మీద ఇటుకలు మోయిస్తరు, ట్యాగ్ దేనికి కడ్తరు చెప్పండి.

లైన్‌ఇన్‌స్పెక్టర్_రిటైర్డ్
ట్రాన్స్‌ఫార్మర్ గద్దె దగ్గర పుర్రె, ఎముకల బొమ్మ చూడనివాళ్లు ఉన్నారా? అయినా 1956 నాటి కరెంటు రూల్స్‌లోనే బొమ్మతో పాటు హిందీలోనో ఇంగ్లీషులోనో, ఆపైన స్థానిక భాషలోనూ రాయాలని పెట్టారు. ఫ్యాక్టరీల చట్టంలో కూడా నోటీసులు ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో ఉండాలని ఉంది. పుర్రె బొమ్మకే రాత అవసరమైతే మీ నీలం గుండ్రానికి అక్కర్లేదా శేఖర్ గారూ?

సేఫ్టీ_శేఖర్
సార్ మీరు నోటీసు వేరు, సైన్ వేరు అనేది కలిపేస్తున్నారు. సరే, తెలుగులో రాశాననుకోండి. మా దగ్గర షట్టరింగ్ గ్యాంగ్ మొత్తం బీహార్ వాళ్లు, వాళ్లకెలా? ఇంకో సంగతి, మొన్న వానకి గేటు దగ్గర ఫ్లెక్స్ పీకి సిమెంట్ బస్తాల మీద కప్పారు. కప్పింది వర్కర్లే. ఫైర్ పాయింట్ బోర్డు మేకుకి టిఫిన్ బాక్సులు తగిలిస్తారు. మేం ఎంత పెట్టినా వీళ్లకి పట్టదు, అసలు సమస్య అది.

సిక్కోలు_సెంట్రింగ్
బస్తాలు తడిస్తే మా కూలిలోంచే కోస్తారు సారూ, ఫ్లెక్స్ తడిస్తే ఎవుడూ కొయ్యడు. అందుకే కప్పుతాం.

తాపీమేస్త్రీ_పాలమూరు
పట్టదా? జెర చెప్తా ఇనుండ్రి. 2023 ఎండకాలంల మా బామ్మర్ది ఎనిమిదో అంతస్తుల డక్టుల (పైపులు దింపే సందు) కెల్లి పడ్డడు, కింద అంతస్తుల కట్టెలు అడ్డం తాకబట్టి పానం దక్కింది, కాలు రెండు జాగల ఇరిగింది. ఆ డక్టు మీద ప్లైవుడ్ షీటు ఉండె, ప్లంబింగోళ్లు పైపు దింపనీకి తీసిండ్రు, మళ్ల పెట్టలే. ఆడ బోర్డు లేదు, రిబ్బన్ లేదు, బల్బు గూడ లేదు. దవాఖాన ఖర్చు సగం ఇచ్చి కాంట్రాక్టర్ మనిషి ఫోన్ల ఫొటో చూపిచ్చిండు, గేటు కాడి ఫ్లెక్సుది. "బోర్డు పెట్టినం కదా, బెల్టు పెట్టుకోకపోతే మాదా తప్పు" అన్నడు. గా బోర్డు మా కోసం పెట్టలే సారూ, ఫొటో కోసం పెట్టిండ్రు. మీరు బొమ్మ, భాష అనుకుంట కూసున్నరు.

సేఫ్టీ_శేఖర్
నా మీద అరిస్తే ఏం వస్తుంది? ప్లైవుడ్ వేస్తే మేకులు కొట్టాలి, మీద పెయింట్‌తో రాయాలి, తీస్తే తీసినవాడు అక్కడ మనిషిని నిలబెట్టాలి, ఇది నేను రోజూ చెప్పేదే. పని ఆపమని చెప్తే ప్రాజెక్ట్ మేనేజర్ ఫోన్, స్లాబ్ డేట్ పోతుందని. 500 మంది, ఆపైన ఉంటే సేఫ్టీ ఆఫీసర్ ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్తుంది, అందుకే నన్ను పెట్టారు, జీతం ఇచ్చేది అదే కాంట్రాక్టర్. పని ఆపే అధికారం కాగితం మీదే. మీ మేస్త్రీలు మాత్రం? బెల్టు వేసుకుంటే పని సాగదని కూలీలతో తీయించేది మీరు కాదా?

తాపీమేస్త్రీ_పాలమూరు
తీయిస్తం. చదరానికింత అని గుత్తకిస్తే తీయించకుంటే మాకు మిగిలేది ఏంది? రోజు కూలి కట్టుండ్రి, ఎందుకు తీయిస్తమో చూస్త.

లేబర్‌కేసుల_వకీలు
ఇంతసేపూ మీరిద్దరూ కొట్టుకుంటున్నది అసలు పాయింటే. 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం ప్రకారం ప్రాణం పోయినా, శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వచ్చినా కార్మికుడు రూల్ పాటించలేదని యజమాని తప్పించుకోలేడు. అంతకన్నా తక్కువ దెబ్బ అయితేనే, భద్రత కోసం స్పష్టంగా పెట్టిన రూల్‌ని కావాలని ధిక్కరించాడనో, రక్షణ ఏర్పాటుని కావాలని తీసేశాడనో వాదించే వీలుంది. ఆ ఫ్లెక్స్ ఫొటో దానికే. కానీ "కావాలని" అన్నది రుజువు చేయాల్సింది యజమాని. మనిషికి అర్థంకాని భాషలో, ఎనిమిదో అంతస్తుకి కాకుండా గేటుకి తగిలించిన బోర్డు చూపించి కావాలని ధిక్కరించాడని నిలబెట్టడం కష్టం. షీటు తీసింది కూడా అతను కాదు. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు లేబర్ డిపార్ట్‌మెంట్ కమిషనర్ దగ్గర వెయ్యాలి, ఇంకా టైముంది. సబ్ కాంట్రాక్టర్ దొరక్కపోతే మెయిన్ కంపెనీ మీద కూడా వెయ్యొచ్చు.

తాపీమేస్త్రీ_పాలమూరు
ఏమేం కాయితాలు కావాలె వకీల్ సాబ్? జీతం చిట్టీ అసుంటిది ఏం లేదు.

లేబర్‌కేసుల_వకీలు
డిశ్చార్జ్ సమ్మరీ, కూలి ఫోన్‌పేలో వేసి ఉంటే ఆ స్టేట్‌మెంట్, అప్పుడు పక్కన ఉన్నవాళ్లు ఒకరిద్దరు.

సేఫ్టీ_శేఖర్
పనిలో చేరేటప్పటి ఇండక్షన్ రిజిస్టర్ కూడా అడిగించండి. రూల్స్ చెప్పాం, అర్థమయ్యాయని సంతకం పెట్టాడు అంటూ రేపు అదే చూపిస్తారు. ఏ భాషలో చెప్పారో, ఎవరు చెప్పారో అందులో ఉండాలి.

తాపీమేస్త్రీ_పాలమూరు
ఏం రిజిస్టరు సారూ? పొయ్యిన దినమే పనిల దింపిండ్రు.