డవ్‌టెయిల్ కోతకి ఏ రంపం కొనాలి?

కొర్లగుంట కుర్రాడు:
తిరుపతిలో ఉంటాను, సాయంత్రాలు మేడ మీద చెక్కపని నేర్చుకుంటున్నా. అమ్మ అడిగిందని 12 మి.మీ. మామిడి చెక్కతో చిన్న సొరుగు మొదలుపెట్టి మూలలకి డవ్‌టెయిల్ (పావురం తోకలా కొసకి వెడల్పయ్యే నాలుకలు ఒకదానిలో ఒకటి ఇరుక్కునే అతుకు) కోశాను. ఉన్నది హార్డ్‌వేర్ షాపులో కొన్న 18 అంగుళాల రంపం. గీత మీదే మొదలవుతుంది కానీ సగానికి వచ్చేసరికి కుడివైపుకి జారిపోతుంది, బిగిస్తే సందులో ఏటీఎం కార్డు దూరుతోంది. ఆన్‌లైన్‌లో చూస్తే జపాన్ రంపాలట, ఇత్తడి వీపు ఉన్నవట, తల తిరుగుతోంది. ఏది కొనమంటారు?

ఆచారి మనవడు:
అది పలకలు కోసుకునే రంపం తమ్ముడూ, అంగుళానికి ఏడెనిమిది పళ్ళే ఉంటాయి, దాంతో డవ్‌టెయిల్ అంటే గడ్డపారతో చెవి కుట్టినట్టే. వీపుకి ఇత్తడో ఇనుమో పట్టీ ఉన్న పొట్టిది, అంగుళానికి 14 నుంచి 16 పళ్ళున్నది చూడు. పట్టీ ఉంటే రేకు వంగదు. ముఖ్యంగా పళ్ళ తీరు చూసుకో. డవ్‌టెయిల్ దాదాపు నిలువు కోతే, అంటే చెక్క నార వెంబడి కోసేదే, కాబట్టి పళ్ళు వరసగా పెట్టిన చిన్న చిన్న ఉలుల్లా ఉండాలి. కత్తి మొనల్లా ఏటవాలుగా ఆకురాయి పట్టినవి అడ్డకోతకి, అంటే నారకి అడ్డంగా కోయడానికి. టెనాన్‌కైతే (ఇంకో చెక్క రంధ్రంలో దూరే నాలుక) బుగ్గలు, అంటే నాలుక పక్కలు, నిలువు కోత; భుజాలు, అంటే నాలుక మొదట్లో మెట్టు, అడ్డకోత; రెండూ కావాలి.

మేడమీద వడ్రంగి:
నేనైతే జపాన్ డొజుకీ (వీపుకి పట్టీ ఉన్న లాగుడు రంపం) అంటాను. లాగితే కోస్తుంది కాబట్టి రేకు ఎంత పల్చగా ఉన్నా వంగదు, కోత సన్నం. కాకపోతే చాలావాటికి పళ్ళ కొసలు గట్టిపరిచి ఉంటాయి, ఆకురాయి జారిపోతుంది, మొద్దుబారితే రేకే మార్చాలి.

ఆచారి మనవడు:
లాగి కోయడానికి జపాన్ దాకా ఎందుకన్నా, మా తాత రంపం కూడా లాగితేనే కోసేది. నేల మీద కూర్చుని చెక్కని కాలి బొటనవేలితో తొక్కిపట్టి లాగేవాడు. మూడు మూలల ఆకురాయి ఆయన సంచిలో ఎప్పుడూ ఉండేది, అందుకే ఆ ఒక్క రంపంతోనే ఏళ్ళు గడిపేశాడు. నేను పదును పెట్టుకోగలిగే రంపానికే ఓటు.

తమ్ముడూ, కొత్తది కొనేలోపు ఒక పని చెయ్. పళ్ళు కుడివైపు ఎక్కువ వంగి ఉంటే రంపం అటే పోతుంది. రంపాన్ని బల్ల మీద పడుకోబెట్టి, ఆ వైపు పళ్ళ పక్కన నూనెరాయి చదునుగా ఆనించి ఒక్కసారి తేలిగ్గా లాగు. ఒక్కసారే. కోసి చూసి, ఇంకా పోతుంటే మళ్ళీ.

కొర్లగుంట కుర్రాడు:
రెండుసార్లు లాగాను అన్నా, ఇప్పుడు నేరుగా పోతోంది. అంచులు మాత్రం పీచు లేస్తున్నాయి, అది పెద్ద పళ్ళ పుణ్యమే అనుకుంటా. 15 పళ్ళ పట్టీ రంపం, ఒక ఆకురాయి ఆర్డర్ పెట్టాను. పాత సొరుగు అమ్మ అలాగే తీసుకెళ్ళి చింతపండు పెట్టేసుకుంది.