స్నిపెట్లు టీమ్‌లో ఎలా పంచుకుంటున్నారు?

కోనసీమ_కోడర్:
మాది ఆరుగురి టీమ్. తేదీ ఫార్మాట్, ఫోన్ నంబర్ చెకింగ్, రూపాయల కామాలు, ప్రతి ప్రాజెక్టులోనూ ఇవే చిన్న కోడ్ ముక్కలు (స్నిపెట్లు). "ఆ ఫంక్షన్ ఎవరి దగ్గరుంది?" అని వాట్సాప్ గ్రూపులో అడగడం, ఎవరో ఒకరు పాతది పడేయడం. మొన్న ఒకే సైట్లో ఒక పేజీలో 1,25,000, ఇంకో పేజీలో 125,000 వచ్చింది. క్లయింటు స్క్రీన్‌షాట్ తీసి పంపాడు. మీరంతా ఏం వాడుతున్నారు? డబ్బులు కట్టే టూల్ వద్దు.

గచ్చిబౌలి_గిట్:
కామాలకి స్నిపెట్ ఎందుకు బ్రో? జావాస్క్రిప్ట్‌లో నంబర్ మీద టులొకేల్‌స్ట్రింగ్ పిలిచి 'ఎన్-ఐఎన్' (ఇండియా ఇంగ్లిష్) ఇస్తే బ్రౌజరే లక్షల లెక్కలో పెడుతుంది. కామాల కోసం రాసిన ఆ రెగెక్స్ (అక్షరాల నమూనా పట్టే కోడ్) తీసి అవతల పారేయండి.

మాధవి_ఫ్రంటెండ్:
గిట్‌హబ్‌లో కోడ్ ముక్కలు పంచుకునే గిస్ట్ వాడమని ఎవరైనా చెప్పేలోపు నా మాట వినండి. "సీక్రెట్" అని ఉంది కదా అని ఎస్ఎంఎస్ సర్వీసు రహస్య కీ ఉన్న ఫైలు పెట్టేశాను. సీక్రెట్ అంటే వెతికితే దొరకదంతే, లింకు ఉంటే ఎవరైనా తెరుస్తారు. కీ చెరిపి సేవ్ చేశాను, రివిజన్లలో అలాగే ఉంది. గిస్ట్ కూడా గిట్ రిపోనే కదా, పాత మార్పులన్నీ దాచుకుంటుంది! కొత్త కీ వచ్చేదాకా నాకు కంటిమీద కునుకు లేదు.

పాతకాపు_పీహెచ్‌పీ:
పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నావన్నీ ఒక్క వర్డ్ ఫైల్లో ఉంటాయి, ఏది అడిగినా నిమిషంలో ఇస్తాను.

గచ్చిబౌలి_గిట్:
వర్డ్ ఫైలా? మామూలు కొటేషన్ గుర్తుల్ని వంకర గుర్తులు చేసేస్తుంది, రెండు హైఫన్లని గీత చేసేస్తుంది. అలా వచ్చిన కమాండ్ పేస్ట్ చేసి మా జూనియర్ ఒక పూటంతా ఎర్రర్ చూస్తూ కూర్చున్నాడు.

పాతకాపు_పీహెచ్‌పీ:
ఆటోకరెక్ట్ ఆపుకోవడం రానివాళ్ల సమస్య అది.

వార్తల_వెబ్:
నా బాధ వేరు. న్యూస్ సైట్లో హెడ్‌లైన్లు లెంగ్త్ 40 దగ్గర కోసే స్నిపెట్ ఒకటి చేతులు మారుతూ మా దగ్గరికొచ్చింది. అది ఇంగ్లిష్ కోసం రాసింది. "తెలుగు" అనే మాటకి లెంగ్త్ 6 వస్తుంది, 5 దగ్గర కోస్తే "తెలుగ" మిగులుతుంది. రోజూ ఇలా కొమ్ములు, గుడులు తెగి పడుతుంటే చూడలేకపోతున్నాను.

పాతకాపు_పీహెచ్‌పీ:
మూడు చుక్కల స్ప్రెడ్ ఆపరేటర్‌తో అర్రేగా విడగొట్టి కోయండి. నేను ఎన్నో సైట్లకి చేశాను.

వార్తల_వెబ్:
ఎమోజీలకి పనికొస్తుంది సార్, తెలుగుకి కాదు. గుణింతాలు, పొల్లు అన్నీ విడివిడి కోడ్లే. "రాష్ట్రం" అలా విడగొట్టినా 8 ముక్కలే. కావాలంటే బ్రౌజర్ కన్సోల్ తెరిచి చూడండి.

మాధవి_ఫ్రంటెండ్:
జావాస్క్రిప్ట్‌లోని ఇంటల్ సెగ్మెంటర్ వాడండి, గ్రాఫీమ్ (కంటికి ఒక అక్షరంగా కనబడేది) మోడ్‌లో. కొత్త బ్రౌజర్లలో "రాష్ట్రం" రెండు ముక్కలు, రా, ష్ట్రం. పాతవాటిలో నాలుగొస్తాయి, ఎందుకంటే ఒత్తుల్ని కలిపి ఉంచే నియమం యూనికోడ్ (అక్షరాల కోడ్ల ప్రమాణం) 15.1లో, 2023లో వచ్చింది.

గచ్చిబౌలి_గిట్:
అసలు జావాస్క్రిప్ట్‌తో కోయడమే తప్పు. సీఎస్ఎస్‌లో ఎలిప్సిస్ (పట్టనిది దాచి చివర చుక్కలు చూపడం) పెట్టండి.

వార్తల_వెబ్:
నోటిఫికేషన్‌కి, షేరింగ్ టెక్స్ట్‌కి సీఎస్ఎస్ ఎక్కడిది బ్రో? చదవకుండా సలహాలివ్వకండి.

పాతకాపు_పీహెచ్‌పీ:
కన్సోల్లో చూశాను. 8 వచ్చింది, మీరన్నదే కరెక్ట్. నేను చేసిన పాత సైట్లలో ఇదే ఉంది, ఈ వారం మారుస్తాను.

కోనసీమ_కోడర్:
అన్నలూ, అక్కా, నా ప్రశ్న ఏమైంది?

వరంగల్_వెబ్:
తమ్ముడూ, అందరిదీ వీఎస్ కోడ్ ఎడిటర్ అయితే ప్రాజెక్టులో డాట్ వీఎస్‌కోడ్ ఫోల్డర్ పెట్టి, అందులో కోడ్-స్నిపెట్స్ ఎక్స్‌టెన్షన్‌తో ఒక ఫైలు చెయ్. గిట్‌లో కమిట్ చేస్తే పుల్ కొట్టిన అందరికీ వస్తుంది. స్నిపెట్‌కి పెట్టిన ప్రిఫిక్స్ (పొట్టి పేరు) కొట్టి ట్యాబ్ నొక్కడమే. ప్రతి లైనూ కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి, అదొక్కటే విసుగు. కానీ ఒకసారి పేస్టయిన కోడ్ తర్వాత మారదు. మీ కామాల గొడవ అక్కడే మళ్లీ వస్తుంది, దాన్ని ఒక ఫంక్షన్‌గా రాసి ఇంపోర్ట్ చేసుకోండి.

గచ్చిబౌలి_గిట్:
అయితే ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ లైబ్రరీలు పంచుకునే చోటు) ప్యాకేజే చెయ్యొచ్చుగా.

మాధవి_ఫ్రంటెండ్:
ఇంత చిన్నదానికా? 2016లో పదకొండు లైన్ల లెఫ్ట్-ప్యాడ్ అనే ప్యాకేజీని రాసినాయన అక్కడినుంచి తీసేస్తే ఎన్ని బిల్డులు ఆగిపోయాయో మర్చిపోయారా?

గచ్చిబౌలి_గిట్:
అది బయటివాళ్లది, నేనంటున్నది మన సొంతది. రెండూ ఒకటెలా అవుతాయి?

కోనసీమ_కోడర్:
వరంగల్ అన్నా, ఫోల్డర్ పెట్టాను, పనిచేస్తోంది. కామాల ఫంక్షన్ ఇవాళే విడిగా తీస్తున్నాను. ఇంకొకటి, మా సెర్చ్‌లో "సాఫ్ట్‌వేర్" కొడితే ఒక ఫోన్లో దొరుకుతోంది, ఇంకో ఫోన్లో దొరకట్లేదు. ఎందుకు?

వార్తల_వెబ్:
ట కింద వ ఒత్తు పడకుండా మధ్యలో కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. ఒక కీబోర్డు పెడుతుంది, ఇంకోటి పెట్టదు. పోల్చేముందు రెండు వైపులా తీసేయ్, చూపించేటప్పుడు మాత్రం ముట్టుకోకు.